చతురస్రం కూడా దీర్ఘచతురస్రమేనా? పర్లాకిమిడి నుంచి ఒక తగవు

మహేంద్రతనయ ఒడ్డు | ఆదివారం, సాయంత్రం 6.40

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా అమ్మాయి ఏడో తరగతి, ఒడియా మాధ్యమం. ఇంట్లో మాత్రం లెక్కలన్నీ తాతయ్య దగ్గర తెలుగులోనే. మామగారు శ్రీకాకుళం జిల్లాలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు.

తగవు ఇదీ. పరీక్షలో ‘ఒక ఆయత చిత్రం గీసి దాని లక్షణాలు రాయండి’ అని అడిగారు. ఒడియాలో ఆయత చిత్రమంటే మన దీర్ఘచతురస్రమే. మా అమ్మాయి నాలుగు సెంటీమీటర్ల భుజంతో శుభ్రంగా ఒక చతురస్రం గీసి, కింద ‘నాలుగు కోణాలూ 90 డిగ్రీలు, ఎదుటి భుజాలు సమానం, కర్ణాలు సమానం’ అని రాసి వచ్చింది. సున్నా వేశారు. బొమ్మ మీద ఎర్ర సిరాతో అడ్డగీత, పక్కన ‘ఇది వర్గ చిత్రం’ (అంటే చతురస్రం) అని ఒక ముక్క.

తాతయ్య ‘నువ్వు గీసిందే ఒప్పు’ అంటారు. మా ఆయన ‘పొడుగు లేనిది దీర్ఘం ఎలా అవుతుంది నాన్నా?’ అంటారు. రెండు రోజులుగా అన్నాల దగ్గర కూడా ఇదే. పప్పు వడ్డించమని అడిగేవారు లేరు. ఎవరిది ఒప్పో చెప్పి పుణ్యం కట్టుకోండి.

గుణుపురం లెక్కల టీచరు | ఆదివారం, రాత్రి 8.05

మామగారికి నా నమస్కారాలు చెప్పండి. ఆయనదే ఒప్పు. నాలుగు కోణాలూ లంబకోణాలైన చతుర్భుజం దీర్ఘచతురస్రం. నిర్వచనం అంతే. అందులో పొడుగు వెడల్పుల ఊసే లేదు. నాలుగూ లంబకోణాలైతే ఎదుటి భుజాలు సమానం కాక తప్పదు, అది మళ్లీ చెప్పనక్కర్లేదు. పక్క భుజాలు కూడా సమానమైతే ఆ బొమ్మకు చతురస్రమని ఇంకో పేరు అదనంగా వస్తుంది. పాత పేరు పోదు. పెళ్లయితే కూతురు ఇంకో ఇంటి కోడలవుతుంది కానీ కూతురు కాకుండా పోదు కదా.

లాభం ఏమిటంటారా? దీర్ఘచతురస్రంలో కర్ణాలు సమానమని ఒక్కసారి రుజువు చేసి పెట్టుకుంటే చతురస్రానికి మళ్లీ చేసే పని ఉండదు.

సున్నా వేసిన వారిని మరీ తిట్టుకోకండి. నూరు పేపర్లు దిద్దేసరికి చెయ్యి అలవాటు ప్రకారం గీత కొట్టేస్తుంది. నేనూ కొట్టాను ఒకప్పుడు. నా దగ్గరికి ఈ పేపరు వచ్చి ఉంటే పూర్తి మార్కులు వేసి, పక్కన ‘గడుసుపిల్ల’ అని రాసేదాన్ని.

పాత అట్ట | ఆదివారం, రాత్రి 9.30

టీచరు గారి మాట నేటి లెక్కకు సరే. కానీ ఆ తండ్రిని అంత తేలిగ్గా ఓడించకండి. ఆయన వెనక గ్రీకు లెక్కల పండితుడు యూక్లిడ్ నిలబడి ఉన్నాడు. క్రీ.పూ. 300 ప్రాంతం నాటి ‘ఎలిమెంట్స్’ మొదటి పుస్తకం 22వ నిర్వచనం చూడండి. చతురస్రమంటే భుజాలు సమానం, కోణాలు లంబాలు. దీర్ఘచతురస్రమంటే కోణాలు లంబాలే కానీ భుజాలు సమానం కావు. సమచతుర్భుజమంటే భుజాలు సమానమే కానీ కోణాలు లంబాలు కావు. ‘కావు, కావు’ అని ఎక్కడికక్కడ గోడ కట్టేశాడు. ఆ గోడలు తరవాతి వాళ్లు పడగొట్టారు.

మన వైపూ అంతే. యజ్ఞవేదుల కొలతలు చెప్పే బౌధాయన శుల్బసూత్రంలో ‘చతురస్రం’ అంటే ఉత్త నాలుగు మూలల బొమ్మ. అస్రం అంటే మూల. నాలుగు వైపులా సమానమైతే సమచతురస్రం, ఒక వైపు సాగితే దీర్ఘచతురస్రం. ఇద్దరూ తోబుట్టువులు, ఒకరి కడుపున ఒకరు పుట్టలేదు. మనం తెలుగులో ముందున్న ‘సమ’ను రాల్చేసుకుని వట్టి చతురస్రం అనడం మొదలుపెట్టాం. తగవంతా ఆ రాలిన రెండక్షరాల దగ్గరే ఉంది.

గుణుపురం లెక్కల టీచరు | ఆదివారం, రాత్రి 9.52

పాత అట్ట గారూ, మీరు నాకే సాక్ష్యం తెచ్చారు. వేరువేరుగా పెట్టుకున్నందుకే బౌధాయనుడు కర్ణం సంగతి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. సమచతురస్రం కర్ణం మీద కట్టిన చతురస్రం రెట్టింపు నేలను ఇస్తుందని ఒక సూత్రం, దీర్ఘచతురస్రం కర్ణం రెండు భుజాల మీది నేలలనూ కలిపి ఇస్తుందని ఇంకో సూత్రం. రెండోది ఒక్కటి చాలదా?

పాత అట్ట | ఆదివారం, రాత్రి 10.10

చాలు. అయితే ఆయన కర్ణం అనలేదు, ‘అక్ష్ణయా రజ్జువు’ అన్నాడు. అంటే మూల నుంచి మూలకు లాగిన తాడు. శుల్బం అన్నా తాడే. వాళ్ల రేఖాగణితం కాగితం మీద పుట్టింది కాదు, యజ్ఞవేదికి మేకులు పాతి తాళ్లు లాగుతుంటే పుట్టింది.

రసమట్టం | సోమవారం, ఉదయం 7.15

రాయగడ నుంచి. నేను తాపీమేస్త్రి కొడుకుని. తాడు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను.

మా నాన్న చదివింది మూడో తరగతి. పునాదికి ముగ్గు పోసేటప్పుడు ఆయన చేసే పని ఇది. ముందు వీధి వైపు మేకులు కొట్టి తాడు బిగిస్తాడు. మూల మేకు నుంచి ఆ తాడు మీద మూడు అడుగుల దగ్గర మసిబొగ్గుతో గుర్తు పెడతాడు. రెండో తాడు చేత్తో పట్టుకుని దాని మీద నాలుగు అడుగుల దగ్గర ఇంకో గుర్తు. ఆ రెండు గుర్తుల మధ్య టేపు పెట్టి, సరిగ్గా ఐదు అడుగులు వచ్చేదాకా రెండో తాడును అటూ ఇటూ జరుపుతాడు. వచ్చిందా, మేకు దిగింది. మూలమట్టం సంచిలో ఉంటుంది, కానీ అంత చిన్న ఇనుప ముక్కతో ముప్పై అడుగుల గోడను నమ్మలేమంటాడు.

నాలుగు మూలలూ అయ్యాక అసలు పరీక్ష. ఎదుటి మూలలకు టేపు లాగి రెండు కొలతలూ చూస్తాడు. రెండూ ఒకటైతేనే సున్నం చల్లుతాడు. లేకపోతే మళ్లీ మొదటికి. నేను చిన్నప్పుడు ‘నాలుగు వైపులా కొలిచాం కదా, ఇంకా ఎందుకు?’ అని అడిగితే, నా అగ్గిపెట్టె డొక్కు తీసుకుని మూల మీద వేలు పెట్టి నొక్కాడు. అది పక్కకు వాలిపోయింది. ‘వైపులేమైనా మారాయా?’ అన్నాడు. మారలేదు. సమాంతర చతుర్భుజం నాకు బడిలో ఎవరూ చెప్పలేదు, ఆ డొక్కే చెప్పింది.

ఇక మీ తగవుకు. మా నాన్న దృష్టిలో పది బై పది గదికీ పది బై పద్నాలుగు గదికీ తేడా లేదు. ‘మట్టంగా ఉందా లేదా’ అన్నది ఒక్కటే ప్రశ్న.

మహేంద్రతనయ ఒడ్డు | సోమవారం, ఉదయం 10.20

ఇది చదివి వినిపిస్తే మామగారు పడక్కుర్చీలోంచి లేచి కూర్చున్నారు. ఖాళీ అగ్గిపెట్టె కోసం ఇల్లంతా వెతికించారు.

సిరొంచ సంగమం | సోమవారం, మధ్యాహ్నం 1.30

మాది ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు, గడ్చిరోలి జిల్లా. మా పిల్లలది మరాఠీ మాధ్యమం. మీకు ఒడియాతో ఒక్క తగవు, మాకు రోజూ పండగే.

మరాఠీలో చతురస్రం ‘చౌరస్’. దీర్ఘచతురస్రం మీ ఒడియాలో లాగే ‘ఆయత్’. త్రిభుజం ‘త్రికోణ్’, లంబకోణం ‘కాటకోన్’, వృత్తం ‘వర్తుళ్’, వైశాల్యం ‘క్షేత్రఫళ్’. అన్నిటికంటే నన్ను ఇబ్బంది పెట్టినది చాపం. దాన్ని వాళ్లు ‘కంస్’ అంటారు. మా వాడు ‘నాన్నా, కంసం కొలత ఎంత?’ అని మొదటిసారి అడిగినప్పుడు కృష్ణుడి మేనమామ గుర్తొచ్చి నేను తేరుకోవడానికి కొంత సేపు పట్టింది.

ఒక సందేహం. వ్యాసార్ధాన్ని వాళ్లు ‘త్రిజ్యా’ అంటారు. మూడు జ్యాలు ఎక్కడున్నాయి అందులో? నాకు ఎంత వెతికినా ఒక్కటే గీత కనిపిస్తోంది.

పాత అట్ట | సోమవారం, రాత్రి 8.40

మంచి ప్రశ్న. ‘త్రి’ అంటే అక్కడ మూడు రాశులు. రాశికి 30 డిగ్రీలు, మూడు రాశులు 90. తొంభై డిగ్రీల జ్యా (కింద చెప్పబోయే అర్ధజ్య) సరిగ్గా వ్యాసార్ధమంత ఉంటుంది కాబట్టి త్రిజ్య. జ్యోతిషం గుమ్మంలోంచి లెక్కల ఇంట్లోకి వచ్చిన మాట. ‘కేంద్రం’ కూడా అలాంటిదే. అది గ్రీకు ‘కెంట్రాన్’, అర్థం ముల్లు, పొడిచే మొన. వృత్తలేఖిని కాలు కాగితంలో దిగే చోటు తలచుకోండి, మాట అతికినట్టు ఉంటుంది.

జ్యా అంటే వింటినారి. చాపం విల్లు. వృత్తంలో ఒక ముక్కను ఆ రెంటితో గీసి చూడండి, మధ్యలో నిలిచే చిన్న గీతను పాతవాళ్లు శరం అన్నారు, బాణం. పూర్తి నారిలో సగం అర్ధజ్య. ఆర్యభటుడు 499 నాటి గ్రంథంలో ఈ అర్ధజ్యల తేడాలనే ఇరవై నాలుగుగా పట్టిక కట్టాడు. వాడుకలో ‘అర్ధ’ రాలిపోయి వట్టి జ్యా, జీవ మిగిలాయి. జీవ అరబ్బుల దగ్గరికి వెళ్లి ‘జీబ’ అయింది. హ్రస్వమైన అచ్చులు రాయని లిపి కాబట్టి అందులో జ, య, బ మాత్రమే కనిపిస్తాయి. తరవాత లాటిన్‌లోకి మార్చినవాళ్లు దాన్ని ‘జైబ్’ అని చదివారు. జైబ్ అంటే చొక్కా గుండె దగ్గరి మడత, ఒంపు. లాటిన్‌లో ఒంపుకు మాట ‘సైనస్’. అదే మన పిల్లలు బట్టీ పట్టే సైన్.

ఆ అరబ్బీ జైబ్ ఇంకో దారిన పారశీకం, ఉర్దూల మీదుగా మన దగ్గరికీ వచ్చింది. జేబు. వింటినారిని పొరపాటున జేబులో పెట్టేశారన్నమాట.

గుణుపురం లెక్కల టీచరు | సోమవారం, రాత్రి 9.00

రేపు తరగతిలో ఇదే చెబుతాను. ‘వ్యాసం గీయండి’ అంటే ఆవు గురించి రాయాలా అని అడిగే పిల్లలు నాకు ఉన్నారు.

కొసమాటగా, ఈ పాఠం పేరు కూడా మూడు చోట్ల మూడు రకాలు. తెలుగులో రేఖాగణితం, ఒడియాలో జ్యామితి, మరాఠీలో భూమితి. జ్యామితిలో జ్యా వింటినారి కాదు, నేల. అమరకోశంలో భూమి పేర్లలో జ్యా ఒకటి. కాబట్టి ఒడియా, మరాఠీ రెండూ నేలకొలతే అంటున్నాయి, మనం గీతల లెక్క అంటున్నాం.

పాత అట్ట | సోమవారం, రాత్రి 9.08

రేఖాగణితం అనేది 18వ శతాబ్దంలో జైపూర్ రాజు జయసింహుడి కొలువులో జగన్నాథ సామ్రాట్టు యూక్లిడ్‌ను అరబ్బీ నుంచి సంస్కృతం చేసి పెట్టిన పేరు. అంతకు ముందు మన మాట క్షేత్రగణితం. క్షేత్రమంటే పొలమే.

గట్టు తగాదా | మంగళవారం, ఉదయం 6.30

పొలం అన్నారు కాబట్టి నా ఏడుపు కూడా వినండి. వంశధార పక్కన మడి ఒకటి కొన్నాను. ఎదురెదురు వైపులు సమానం. ఒక జత నూరు గజాలు, ఇంకో జత యాభై. మధ్యవర్తి నూటిని యాభైతో గుణించి ఐదు వేల చదరపు గజాలు, ఎకరం మీద మూడు డెసిమల్‌లు అన్నాడు. డబ్బు కట్టాను. (ఆంధ్రలో సెంటు అనేదాన్ని ఒడిశాలో డెసిమల్ అంటారు. రెండూ ఎకరంలో నూరోవంతే.) తరవాత గొలుసు పట్టి కొలిపిస్తే, ఆ రెండు పొడుగు గట్ల మధ్య తిన్నని దూరం నలభై గజాలే. నాలుగు వేలు. ఎనభై రెండు డెసిమల్‌ల పైచిలుకు. ఇరవై డెసిమల్‌లు గాలిలో కలిసిపోయాయి.

రసమట్టం | మంగళవారం, ఉదయం 7.05

అన్నా, అదే అగ్గిపెట్టె డొక్కు. మీ మడిని ఎవరో మూల మీద నొక్కారు.

పాత అట్ట | మంగళవారం, ఉదయం 9.15

ఆ లెక్క మీ మధ్యవర్తి సొంతం కాదు, చాలా పాతది. బ్రహ్మగుప్తుడు 628లో ఎదురెదురు భుజాల సగటులను గుణిస్తే స్థూలఫలం, అంటే ఉజ్జాయింపు వైశాల్యం, వస్తుందన్నాడు. స్థూలం అని తనే హెచ్చరించాడు. దీనితో ఒక చిక్కు ఉంది. ఈ లెక్క ఎన్నడూ తక్కువ చూపదు. నిజమైన దీర్ఘచతురస్రమైతే సరిగ్గా, మిగతా ఏ ఆకారమైనా ఎక్కువగా. అమ్మేవాడికి, శిస్తు వసూలు చేసేవాడికి ప్రియమైన సూత్రం.

ఆయన పక్కనే సూక్ష్మఫలానికి, అంటే కచ్చితమైన వైశాల్యానికి, ఇంకో సూత్రం ఇచ్చాడు. భుజాల మొత్తంలో సగం తీసుకుని, అందులోంచి ఒక్కొక్క భుజాన్నీ తీసివేసి, వచ్చిన నాలుగింటినీ గుణించి వర్గమూలం కట్టాలి. మీ మడికి వేసి చూశాను. సగం 150. తీసివేస్తే 50, 100, 50, 100. గుణించి మూలం కడితే మళ్లీ ఐదు వేలే! ఎందుకంటే నాలుగు మూలలూ ఒకే వృత్తం మీద పడే బొమ్మలకే అది చెల్లుతుంది. వాలిన మడికి చెల్లదు.

లీలావతిలో భాస్కరాచార్యుడు ఈ సంగతి మీదే కోప్పడ్డాడు. కర్ణం కానీ లంబం కానీ చెప్పకుండా చతుర్భుజం వైశాల్యం అడిగేవాడు పిశాచం, జవాబు చెప్పేవాడు అంతకు మించిన పిశాచం అన్నాడు.

గట్టు తగాదా | మంగళవారం, ఉదయం 9.40

అడిగింది నేనే, చెప్పింది వాడే. ఆ లెక్కన నాకంటే వాడే పెద్ద పిశాచం. కొంచెం ఊరట కలిగింది.

చిన్న రైలు | మంగళవారం, మధ్యాహ్నం 12.10

సంబంధం ఉందో లేదో తెలియదు. నౌపడ నుంచి గుణుపురం వెళ్లే పాత చిన్న రైలు పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులు. మా బడిలో సమాంతర రేఖలంటే అవే చూపించేవారు. బ్రాడ్‌గేజ్ అయ్యాక ఐదున్నర అడుగులు. ఒంపు తిరిగే చోట అవి సమాంతర రేఖలే అవుతాయా? రోజుకు ఎన్ని రైళ్లు నడుస్తున్నాయో కూడా ఎవరైనా చెప్పండి.

కాపలాదారు | మంగళవారం, మధ్యాహ్నం 12.25

రైళ్ల వేళలకు వేరే గది ఉంది, అక్కడ అడగండి. ఒంపు ప్రశ్న మాత్రం ఉండనివ్వండి.

గుణుపురం లెక్కల టీచరు | మంగళవారం, సాయంత్రం 5.00

ఒంపులో అవి అసలు సరళరేఖలే కావు. ఒకే కేంద్రం ఉన్న రెండు చాపాలు. ఎడం మారదు, అంతవరకే పోలిక.

వంటింటి వసారా | మంగళవారం, రాత్రి 8.20

ఛత్రపురం నుంచి. ఇంతసేపూ చదువుతూ కూర్చున్నాను, లెక్కల్లో నేను అంతంత మాత్రం. కానీ జీడిపప్పు బర్ఫీ కోయడం వచ్చు. పళ్లెంలో పరిచాక కత్తితో అంగుళం ఎడంలో నిలువు గీతలు గీస్తాను. తరవాత కత్తిని వాలుగా తిప్పి మళ్లీ అంగుళం ఎడంలోనే ఇంకో వరస. వచ్చే ప్రతి ముక్కకూ నాలుగు వైపులూ సమానమే, ఎప్పుడూ కొలవలేదు. వాలు ఎంత పెట్టినా అంతే. ఆ వాలు తగ్గిస్తూ తగ్గిస్తూ కత్తిని పూర్తిగా అడ్డంగా తెచ్చేస్తే మైసూరుపాకు ముక్కలా చతురస్రం వస్తుంది. మరి నా బర్ఫీ ఏ క్షణంలో సమచతుర్భుజం కావడం మానేసింది?

గుణుపురం లెక్కల టీచరు | మంగళవారం, రాత్రి 8.45

అమ్మా, ఇరవై ఏళ్లుగా ఇదే చెప్పడానికి నేను సుద్దముక్కలు అరగదీస్తున్నాను. ఏ క్షణంలోనూ మానలేదు!

వైపులెందుకు సమానమో కూడా చెబుతాను. ముక్క వైశాల్యం ఏ వైపు నుంచి కట్టినా ఒకటే రావాలి, భుజాన్ని ఎడంతో గుణించడమే. రెండు వరసల్లోనూ ఎడం అంగుళమే కాబట్టి భుజాలూ సమానం కావాల్సిందే. సమచతుర్భుజం అన్న పేరే ‘సమానమైన నాలుగు భుజాలు’ అంటోంది, చతురస్రాన్ని బయటకు తోయడం లేదు. దీర్ఘచతురస్రం దగ్గరే మన పేరు మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఒడియా ఆయతంలోనూ అదే చిక్కు, ఆయతమన్నా సాగినదనే అర్థం. పేరు ఒకటి చెబుతుంది, నిర్వచనం ఇంకోటి చెబుతుంది. తగవు వస్తే నిర్వచనం మాటే చెల్లాలి.

సమలంబ చతుర్భుజానిదీ ఇదే కథ. పేరు చూసి పక్క భుజాలు రెండూ సమానమని రాసే పిల్లలు ఏటా ఉంటారు. సమానమైనవి భుజాలు కావు, లంబాలు. రెండు సమాంతర భుజాల మధ్య ఎక్కడ కొలిచినా ఎడం ఒకటే అని దాని భావం. దాని ఇంకో పేరు ట్రెపీజియం గ్రీకు బల్ల నుంచి వచ్చింది.

మహేంద్రతనయ ఒడ్డు | బుధవారం, రాత్రి 7.50

సమాచారం. అమ్మాయి పేపరు పట్టుకుని వెళ్లి బడిలో మాస్టారిని అడిగింది. ‘పుస్తకంలో బొమ్మ పొడుగ్గా ఉంది కదా’ అన్నారట. ఇది పుస్తకంలోని నిర్వచనం చదివి వినిపించింది. ఆయన రెండుసార్లు చదువుకుని, సగం మార్కులు వేసి, ‘ఈసారి పొడుగ్గా గియ్యి తల్లీ’ అన్నారట. మా ఆయన ఆ సగం తనదంటారు, మామగారు ఆ సగం తనదంటారు.

ఇంకోటి. రసమట్టం గారి మాట విన్నప్పటి నుంచి అమ్మాయి టేపు వదలడం లేదు. పోయినేడు కట్టించిన మా వసారా పన్నెండు బై తొమ్మిది. నాలుగు వైపులూ సరిగ్గా ఉన్నాయి. కర్ణం పదిహేను అడుగులు రావాలని తాతయ్య చెప్పారు. ఒకటి పదిహేను అడుగుల ఒకటిన్నర అంగుళం వచ్చింది, రెండోది పద్నాలుగు అడుగుల పదిన్నర.

రసమట్టం | బుధవారం, రాత్రి 8.15

మూడు అంగుళాల తేడా. అంటే మూల 89 డిగ్రీల దగ్గర ఉంది, ఒక్క డిగ్రీ వాలింది. పలకలు పరిచేటప్పుడు చివరి వరసలో ముక్కలు ఏటవాలుగా కోశారా?

మహేంద్రతనయ ఒడ్డు | బుధవారం, రాత్రి 8.30

కోశారు! పలకలే వంకరగా ఉన్నాయని మేస్త్రి చెబితే నమ్మి, ఇంకో పెట్టె కూడా కొన్నాం. ఇప్పుడు ఫోను చేస్తే, ‘ఆ మూల బియ్యం డబ్బా పెట్టేయండమ్మా, కనబడదు’ అన్నాడు. తాతయ్య మాత్రం దాన్ని కదలనివ్వనంటున్నారు. సమాంతర చతుర్భుజం పాఠం వచ్చినప్పుడు తరగతి మొత్తాన్నీ మా వసారాకు తీసుకురమ్మని మనవరాలి చేత బడికి కబురు పంపారు.